సంతలో చేతుల ఆట

మా చర్చిలో క్రిస్మస్ నాటకానికి హేరోదు రాజు దొరకని ఏడాది ఆ వేషం నాకు వేశారు. నా గొంతు కాస్త లావు. చిన్నప్పటి నుంచీ పాటల బృందంలో నన్ను మగవాళ్ళ వరస చివర నిలబెట్టేవాళ్ళు. కాటుకతో మీసం దిద్దుకుని, అమ్మ పెళ్ళిచీర భుజాన కప్పుకుని, బేత్లెహేములో పసిపిల్లలందరినీ చంపమని నేను ఆజ్ఞ ఇస్తుంటే, ముందు వరసలోని ముసలమ్మలు భయపడాల్సింది పోయి పడీ పడీ నవ్వారు. పాస్టర్ అయ్యగారికి కోపం వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. వెనక గోడకు ఆనుకుని చూసిన ఒకాయన మాత్రం మర్నాడు పొద్దున్నే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

ఆయన పాల్వంచ థర్మల్ కరెంటు ప్లాంటులో బొగ్గు బెల్టు దగ్గర కాంట్రాక్టు పని చేసేవాడు. షిఫ్టు లేనప్పుడు వీధి నాటకాలు రాసి ఆడించేవాడు. ఎలక్షన్లు వస్తే, వెనక ఎవరూ లేని అభ్యర్థుల తరఫున ఊళ్ళు తిరిగేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అందరూ ఆయన్ను అన్న అనేవాళ్ళు. నేనూ అదే పిలిచాను.

"చెల్లె, నువ్వు రాజు వేషానికి పనికిరావు. లీడర్ వేషానికి పనికొస్తవ్," అన్నాడు. "నిన్ను జూస్తే జనం భయపడరు, నవ్వుతరు. నాకు గసొంటి మనిషే కావాలె."

మా నాన్న కూడా థర్మల్ మనిషే. మంచం మీది నుంచి లేవకుండానే అన్నాడు, "నా బిడ్డ టీచరు. రోడ్ల మీద ఎగురుమంటవా?"

అమ్మ టీ గ్లాసులు పెడుతూ, "చర్చిల ఎగిరితే లేని సిగ్గు రోడ్డు మీద ఎందుకు?" అంది. నాన్న అటు తిరిగి పడుకున్నాడు.

అప్పుడు నేనొక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెప్పేదాన్ని. ఆదివారం ఆరాధన అయిపోగానే, సెలవు రోజుల్లోనూ, అన్న బృందంతో తిరిగేదాన్ని. బృందమంటే అన్న, నేను, డప్పు కొట్టే ఒకతను, ఎప్పుడైనా వచ్చి పోయే ఇద్దరు ముగ్గురు. బస్టాండులో, కాలనీ గేట్ల దగ్గర, మణుగూరు రోడ్డు మీద గనుల షిఫ్టు దిగే వేళల్లో ఆడేవాళ్ళం. రేషన్ కార్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి చనిపోయినట్టు సర్టిఫికెట్ మాత్రం వెంటనే దొరికిన మనిషి కథ ఒకటి ఉండేది. జనం నవ్వేవాళ్ళు. అన్న ఒక మాట ఎప్పుడూ చెప్పేవాడు: "నవ్వితే భయం పోతది. భయం పోతే ఓటు మారుతది." నేను అది నమ్మాను. రెండు మూడేళ్ళు గట్టిగా నమ్మాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మణుగూరు రోడ్డు మీద దిగి, ఆటోలో అడవి వైపు లోపలికి పోతే ఒక కోయ ఊరుంది. నాలుగు గుంపులుగా విడివిడిగా ఇళ్ళు, వెనక ఒక గుట్ట, గుట్ట నుంచి దిగే చిన్న వాగు. ఆ ఊళ్ళో సర్పంచ్ కోయ మనిషే కావాలని చట్టం. కానీ ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో చెప్పేది ఒక ఆసామి. ఆయన తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి పొగాకు వేశారు. పచ్చి పొగాకును పొయ్యి వేడికి ఆరబెట్టే బ్యారన్లు, ట్రాక్టర్లు, రోడ్డు కాంట్రాక్టులు అన్నీ ఆయనవే. ఊళ్ళో సగం మందికి పని ఆయన దగ్గరే. ఆయన కన్ను గుట్ట మీద పడింది. గుట్టను పగలగొట్టి కంకర క్రషర్ పెట్టాలనుకున్నాడు. దానికి గ్రామసభ తీర్మానం కావాలి, తీర్మానం కింద సర్పంచ్ సంతకం కావాలి.

అందుకని ఆసామి తన బ్యారన్‌లో పొయ్యి ఎగదోసే మనిషిని నిలబెట్టాడు. నలభై ఏళ్ళుంటాయేమో, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. అతనికి పోటీగా అంగన్‌వాడీలో పిల్లలకు వండిపెట్టే ఆయమ్మ నిలబడింది. ఆమె అడిగింది ఒక్కటే: గుట్టను ఇవ్వొద్దు. ఎవరో చెబితే అన్నను వెతుక్కుంటూ పాల్వంచ వచ్చింది. కాలనీలో ఖాళీ క్వార్టరు ఒకటి మా రిహార్సల్ గది. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా చెప్పింది.

"నాకు మైకు ముంగట మాట్లాడరాదన్నా. నా దిక్కు మీరు మాట్లాడుండ్రి. గుట్ట పోతే వాగు పోతది. వాగు పోతే మేమేం తాగాలె?"

అన్న ఆ వారంలోనే నాటకం రాశాడు. మొదట నేను ఆసామి వేషంలో వస్తాను, మీసం, తెల్ల లుంగీ, చేతిలో సెల్‌ఫోన్ లాంటి చెక్కముక్క. "ఈ గుట్ట నాది, ఈ వాగు నాది, సర్పంచ్ సంతకం కూడా నాదే, చెయ్యి మాత్రం వీనిది" అని ఉపన్యాసం ఇస్తాను. తర్వాత ఒక కుర్చీ తెచ్చి సర్పంచ్‌ను కూర్చోబెడతాను. సర్పంచ్ అన్నే. తన చేతులు వెనక్కి దాచుకుంటాడు. నేను వెనక మోకాళ్ళ మీద కూర్చుంటాను, నన్ను గొంగడితో కప్పుతారు, నా చేతులు అన్న చంకల కింద నుంచి ముందుకు వస్తాయి. అప్పటి నుంచి సర్పంచ్ చేతులు నావి. నోరు ఒకటి చెబుతుంటే చేతులు ఇంకొకటి చేస్తాయి. "నేను ఎవలకూ భయపడను" అని నోరు అంటుంది, చేతులు దండం పెడతాయి. ముక్కు గీరబోయి కంట్లో వేలు పెడతాయి. చివరికి కాగితం మీద సంతకం పెట్టి, సర్పంచ్ చెంప తడతాయి.

రిహార్సల్‌కు ముందు ఊరు చూసి రావడానికి ఒకసారి సంతకు వెళ్ళాం. అక్కడ ఆ బ్యారన్ మనిషిని దూరం నుంచి చూపించారు. అతనికొక అలవాటుంది. మాట్లాడబోయే ముందు భుజం మీది తువ్వాల కొసతో కంటి దగ్గర నుంచి గడ్డం దాకా ముఖం తుడుచుకుంటాడు. నాలుగు మాటలకొకసారి మళ్ళీ తుడుచుకుంటాడు. తిరిగొచ్చాక రిహార్సల్‌లో నేను అది కలిపాను. గొంగడి లోపల నుంచి నా చెయ్యి వెళ్ళి, అన్న భుజాన వేసిన తువ్వాల పట్టుకుని, అన్న ముఖాన్ని పైనుంచి కింది దాకా రుద్దింది. డప్పు అతను నవ్వి నవ్వి డప్పు మీద పడ్డాడు.

"ఇది ఉంచు చెల్లె," అన్నాడు అన్న. "ఇది జూస్తే ఊరోళ్ళు ఒక్క దెబ్బకు గుర్తు పడ్తరు."

నాకు చాలా గర్వంగా అనిపించింది. నాటకంలో నేను సొంతంగా కలిపింది అదొక్కటే.

మొదటి ఆట సంత రోజు పగలు ఆడాం. ఎండుచేపల వరసకూ కుండల వరసకూ మధ్య చోటు దొరికింది. డప్పు మోగగానే జనం చుట్టూ చేరారు. నా ఉపన్యాసానికి కుర్రవాళ్ళు ఈలలు వేశారు. ముసలివాళ్ళు మాత్రం ముఖాల్లో ఏమీ లేకుండా నిలబడ్డారు. చేతులు బయటికి రాగానే అంతా మారిపోయింది. గొంగడి లోపల నాకు ఏమీ కనిపించదు, వినిపిస్తుంది అంతే. మొదట ఒక మూల నవ్వు లేచింది, తర్వాత అన్ని వైపులా. తువ్వాలతో ముఖం తుడిచినప్పుడు లేచిన అరుపుకు అన్న ఒళ్ళు కూడా నవ్వుతో అదురుతున్నట్టు నా చేతులకు తెలిసింది.

ఆట అయ్యాక ఆయమ్మ నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"మా ముసలోళ్ళకు నీ మాటలు తెల్వయ్ టీచరమ్మా. వాళ్ళకు మా బాసనే. చేతులు మాత్రం మంచిగ తెలిసినయ్," అంది.

నేను అది మెచ్చుకోలు అనుకున్నాను. ఆసామి గురించి చెప్పేదంతా మాటల్లోనే ఉందని, మాటలు తెలియని వాళ్ళకు కనిపించింది ఒక పేద మనిషిని బొమ్మను చేసి ఆడించడమేనని నాకు అప్పుడు తట్టలేదు.

మూడు రోజుల తర్వాత ఇంకో గుంపుకు పోతుంటే దారిలో పోలీసులు ఆటో ఆపారు. ఆ రోజుల్లో అడవి అంచున అది కొత్త సంగతి కాదు. డప్పు, గొంగడి, ఊరు కాని ఊరు మనుషులు, ఇంకేం కావాలి? ఎవరు మీరని అడిగితే డప్పు అతను బెదిరిపోయి, "అన్న రమ్మంటే వచ్చినం సార్," అన్నాడు.

"ఏ అన్న?" అన్నాడు కానిస్టేబుల్. అతని గొంతు మారిపోయింది.

పోలీసులకు అక్కడ ఆ మాటకు ఒకటే అర్థం, నక్సలైటు. అన్న తన థర్మల్ గేట్‌పాస్ చూపించాడు, నేను స్కూల్ కార్డు చూపించాను. అయినా స్టేషన్‌కు తీసుకుపోయారు. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టాక ఎస్సై వచ్చాడు. కుర్రవాడే.

"నాటకమా? ఏదీ, ఆడుండ్రి. మేం గూడ జూస్తం," అన్నాడు.

స్టేషన్ ముందు వాకిట్లో, రాతకోతలు చూసే రైటర్ కుర్చీ తెప్పించుకుని ఆడాం. నా ఉపన్యాసం నడుస్తున్నంతసేపు ఎస్సై చేతిలోని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. చేతులు వచ్చాక ముందుకు వంగాడు. గొంగడిలోకి అతని నవ్వు అందరి నవ్వుకంటే గట్టిగా వినిపించింది. అయిపోయాక మాకు టీ తెప్పించాడు. ఆ టీ బాగుందని కూడా గుర్తుంది.

"చేతులది మస్తుంది. గది ఉంచుకోండ్రి," అన్నాడు. "ముంగట ఆ లెక్చర్ ఉంది జూడు, అది తీసేయిండ్రి. పెద్దమనుషుల మీద మాటలెందుకు మీకు? రేపు ఏమన్న గొడవైతే నాకే కదా తలనొప్పి."

అన్న తల ఊపాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేనడిగాను, "తీసేస్తవా అన్నా?"

"నా గేట్‌పాస్ నంబరు రాసుకున్నరు చెల్లె. రేపు కాంట్రాక్టర్‌కు ఒక్క ఫోన్ పోతే నా పని పాయె." జేబులో గేట్‌పాస్ తడుముకుని అన్నాడు, "అయినా జనం నవ్వేది చేతులకే కదా."

అది నిజమే. నేను ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి మీసం దిద్దుకోలేదు, లుంగీ కట్టుకోలేదు. ఆట మొదలయ్యేసరికే గొంగడి కింద ఉండేదాన్ని. ఆ చేతులు ఎవరివో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. అందరికీ తెలుసు కదా అనుకున్నాం.

రెండో సంతకు ఆసామే వచ్చాడు. ఆయన కోసం ఎవరో కుర్చీ వేశారు. పక్కన ఆయన నిలబెట్టిన బ్యారన్ మనిషి నిలబడి ఉన్నాడు. ఆసామి లేచి గొడవ చేస్తాడనుకున్నాను. చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన గొడవ చేయలేదు. నేను గొంగడి కింద ఉండగానే ఆయన గొంతు వినిపించింది, "ఒరేయ్, చూడరా, నిన్నే చేస్తన్నారు!" ఆట అయ్యాక నా దగ్గరకు వచ్చాడు.

"నీవేనా అమ్మా ఆ చేతులు? మావాణ్ణి భలే దించావే! మా ఆవిడ చూడలేదు, ఈసారి మా ఇంటి దగ్గరాడండి," అన్నాడు. చుట్టూ ఉన్న వాళ్ళు కూడా నవ్వారు. ఆయనతో కలిసి నవ్వారు.

ఆయన వెనకే వచ్చి నిలబడ్డ బ్యారన్ మనిషి కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. తువ్వాల వైపు పోయిన చెయ్యి మధ్యలో ఆగింది.

ఆ సాయంత్రం షిఫ్టు ఉండి అన్న ముందే వెళ్ళిపోయాడు. నేను ఒక్కదాన్నే పాల్వంచ బస్సు ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. రెండు స్టాపుల తర్వాత ఆ బ్యారన్ మనిషి ఎక్కాడు. బస్సంతా నిండి ఉంది, నా పక్కన ఒక్కటే ఖాళీ. కాసేపు నిలబడి, తర్వాత సీటు చివర ఆనీ ఆనకుండా కూర్చున్నాడు. ఎక్కడికని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"దవాఖానకు. మందు కోసం," అన్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. నేను చూడటం చూసి, "పొయ్యి పొగ మేడం. ఎడమ కన్ను ఎప్పటికీ కారుతనే ఉంటది. తుడవకపోతే కనవడదు," అన్నాడు.

నా ఒళ్ళో గొంగడి మడత ఉంది. దాన్ని ఎక్కడ దాచాలో తెలియలేదు.

"గా చేతులు నీయేనట కదా," అన్నాడు కొంచెంసేపటికి.

"అవ్," అన్నాను.

"మంచిగ జేసినవ్." గొంతులో కోపం లేదు. "నా బిడ్డ గూడ నవ్వింది. హాస్టల్ల సదువుతది, ఎలక్షనని ఇంటికొచ్చింది. నవ్వింది, మల్ల నన్ను జూసి ఆపింది."

ఎలక్షన్లో ఎందుకు నిలబడ్డావని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట అడిగినందుకే ఎక్కువ సిగ్గేస్తుంది.

"నిలవడుమన్నడు, నిలవడ్డ. నా గుడిసె ఆయన చెలకల ఉంది. ఆడికెల్లి లేపితే యాడికి పోవాలె?" బస్సు కుదుపుకు ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. "గా ఆయమ్మ నాకు వరసకు అక్కయితది. ఆమె గెలిస్తే మంచిగుండు. నా పొయ్యి కాడికి నేను పోతుంటి."

"ఆ మాట ఆమెకు చెప్పకపోయినవ్?"

"చెప్తే ఆయనకు తెల్వదా మేడం?"

పాల్వంచలో దిగేటప్పుడు, పోయొస్త మేడం, అని దండం పెట్టాడు.

మర్నాడు అన్నకు అంతా చెప్పాను. ఆయన బీడీ ముట్టించాడు. "ఓటింగ్ దగ్గరికొచ్చింది చెల్లె. ఇప్పుడు ఆట మారిస్తే ఏం ఆడుతం? ఎలక్షన్ అయినంక చూద్దాం," అన్నాడు. కనీసం తువ్వాల తీసేస్తానన్నాను. సరే అన్నాడు.

చివరి ఆట వాగు అవతలి గుంపులో. నేను తువ్వాల ముట్టుకోలేదు. ముక్కు గీరుకోవడం అయింది, దండం అయింది, సంతకం దాకా వచ్చాం. జనం ఎదురుచూస్తున్నారని గొంగడి లోపలికే తెలుస్తోంది. ఎవరో "తువ్వాల!" అని అరిచారు. ఇంకొకరు అందుకున్నారు. తర్వాత పిల్లలూ పెద్దలూ అందరూ చప్పట్లు కొడుతూ "తువ్వాల! తువ్వాల!" అన్నారు. అన్న గొంతు తగ్గించి, "కానియ్ చెల్లె," అన్నాడు. నా చెయ్యి వెళ్ళి తువ్వాల పట్టుకుంది. ఎవరూ నా చెయ్యి పట్టుకుని చేయించలేదు. నేనే చేశాను.

ఆయమ్మ చిత్తుగా ఓడిపోయింది. ఫలితం తెలిసిన మర్నాడు ఆమె ఇంటికి వెళ్ళాం. వాకిట్లో ఇప్ప పువ్వు ఎండబోసి, కోళ్ళు రాకుండా కాపలా కూర్చుంది.

"మీ తప్పు లేదన్నా," అంది అన్నతో. "ఆయన దగ్గర పని చేసేటోళ్ళు ఎట్లైనా ఆయన చెప్పినోనికే ఏస్తరు. మిగిలినోళ్ళు నాకేస్తరనుకున్న. గాళ్ళేమో, పాపం, నోట్లె మాట లేనోడు, బయటి ఊరోళ్ళొచ్చి ఆని మీద గంతగనం నవ్విచ్చిండ్రు, ఈసారికి ఆనికే ఏద్దాం అనుకున్నరట."

ఆయమ్మ లేచి మాకు జావ పోసింది.

ఏడాది తిరిగేసరికి తీర్మానం అయిపోయింది. గ్రామసభ ఎప్పుడు జరిగిందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. పుస్తకంలో వేలిముద్రలున్నాయి, కింద సర్పంచ్ సంతకం ఉంది. ఆసామి జీపు వచ్చి అతన్ని మండల ఆఫీసుకు తీసుకుపోవడం, సాయంత్రం తెచ్చి దించడం చూసినవాళ్ళున్నారు. తర్వాత గుట్టకు మందు పెట్టి పేల్చడం మొదలైంది. క్రషర్ దుమ్ము వాగు మీద తెట్టులా పేరుకుంది. ఆయమ్మ నాలుగు గుంపులూ తిరిగి జనాన్ని కూడగట్టి, ఒక ఆదివారం స్కూల్ వాకిట్లో మీటింగు పెట్టింది. మమ్మల్ని డప్పుతో రమ్మని కబురు చేసింది. ఆరాధన మానేసి వెళ్ళాను.

నేను చూసిన అన్ని మీటింగుల్లోకీ జనం ఎక్కువ వచ్చింది అదే. వాగు నీళ్ళు సీసాలో పట్టి తెచ్చిన ఆడవాళ్ళున్నారు. ఆయమ్మ మాట్లాడింది. మైకు లేదు, కాగితం లేదు, బాగా మాట్లాడింది. ఆమె మాట్లాడుతుండగానే వెనక కలకలం మొదలైంది. నలుగురైదుగురు సర్పంచ్‌ను గుడిసె నుంచి పట్టుకొచ్చారు. అతను పెనుగులాడలేదు. ఎవరో స్కూల్లోంచి కుర్చీ తెచ్చారు. అతన్ని అందులో కూర్చోబెట్టి రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారు.

"టీచరమ్మా, రా! నీ చేతులు పెట్టు!" అని పిలిచారు నన్ను. పిలిచినవాడు నవ్వుతున్నాడు. పండగకు పిలిచినట్టే పిలిచాడు.

నేను కదల్లేదు. వద్దని కూడా అనలేదు. ఆ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. వద్దని అనలేదు. నేను రాకపోయేసరికి ఒకడు మా గొంగడే తీసుకుని వెనక కూర్చున్నాడు. చంకల కింద నుంచి చేతులు వచ్చాయి. దండం పెట్టాయి, సంతకం పెట్టాయి. తర్వాత చెంప మీద కొట్టాయి. మేం ఆడినప్పుడు చెంప మీద తట్టేవాళ్ళం, అంతే. ఇక్కడ నిజంగా కొట్టారు. జనం నవ్వుతున్నారు. చెయ్యి తువ్వాల లాగి ముఖం రుద్దింది, మళ్ళీ రుద్దింది, ఎడమ కన్ను ఎర్రగా అయ్యేదాకా రుద్దింది.

ఆయమ్మే జనాన్ని తోసుకుంటూ పోయి గొంగడి లాగేసింది. కోయ భాషలో ఏవో తిట్లు తిట్టింది. నవ్వు ఆగిపోయింది. అతను లేచి, కింద పడ్డ గొంగడి తీసి, దులిపి, మడిచి, కుర్చీలో పెట్టి ఇంటి వైపు నడిచాడు. ఆసామి ఇల్లు అక్కడికి దగ్గరే. అటు ఒక్కరూ పోలేదు. పోయినా ఆయన లేడు, ఖమ్మంలో ఉన్నాడు.

తిరుగు దారిలో అన్న, "జనం కోపం మీదున్నరు," అన్నాడు. బయల్దేరేటప్పుడు డప్పు అతను గొంగడిని ముట్టుకోవడానికి ఇష్టపడలేదు. దాన్ని ఆ కుర్చీలోనే వదిలేసి వచ్చాం.

ఆయమ్మ పెట్టిన అర్జీల మీద చివరికి ఒక ఆఫీసర్ వచ్చి విచారణ చేశాడు. వేలిముద్రల్లో చనిపోయినవాళ్ళవి కూడా ఉన్నాయని తేలింది. సంతకం సర్పంచ్‌ది. ఆసామి పేరు ఏ కాగితం మీదా లేదు. సర్పంచ్‌ను తీసేశారు, కేసు పెట్టారు. క్రషర్ నడుస్తూనే ఉంది. కేసు పడ్డ మనిషి తన మెట్ట చెలకలో ఎందుకని ఆసామి గుడిసె ఖాళీ చేయించాడు. అతను భార్యాబిడ్డలతో నది దాటి అవతల చుట్టాల దగ్గరికి పోయాడని కొందరన్నారు. మిరపకాయలు ఏరే ముఠాతో గుంటూరు వైపు పోయాడని కొందరన్నారు. అతని కూతురు హాస్టల్ మానేసిందన్నది మాత్రం నిజం. ఆ హాస్టల్లో పనిచేసే మా చర్చి ఆవిడ చెప్పింది.

నేను ఆటలు మానేశాను. అన్న మానలేదు. ప్రభుత్వం వాళ్ళ కళాజాతల్లో చేరి, దోమల గురించి, మరుగుదొడ్ల గురించి ఆడాడు. ఒకసారి మా స్కూల్‌కే వచ్చారు. అన్న కుర్చీలో కూర్చున్నాడు, వెనక ఇంకో అమ్మాయి గొంగడి కింద నుంచి చేతులు పెట్టి సబ్బుతో కడుక్కోవడం చూపించింది. మా పిల్లలు కేరింతలు కొట్టారు. అయిపోయాక అన్న నాతో స్టాఫ్ రూమ్ దాకా వచ్చి, "పిల్లలు మంచిగ నవ్విండ్రు కదా," అన్నాడు. ఆయన జుట్టంతా తెల్లబడింది. ఉద్యోగం ఇంకా కాంట్రాక్టే. అవును, నవ్వారన్నాను.

మళ్ళీ పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు ఆయమ్మ నన్ను వెతుక్కుంటూ స్కూల్‌కు వచ్చింది. లంచ్ బెల్ అయింది. గేటు దగ్గరే నిలబడింది.

"ఇంకొక్కసారి నిలవడుదామనుకుంటున్న టీచరమ్మా. ఆట వద్దు. నువ్వు ఊరికె నా పక్కన నిలవడు. నీకు మాట్లాడొస్తది. ఆ గుట్ట ఇంక సగం ఉంది."

అమ్మకు ఒంట్లో బాగాలేదన్నాను. అమ్మ ఆ రోజు పొద్దున చర్చి ఊడ్చి వచ్చింది, నిక్షేపంగా ఉంది. ఆయమ్మ నా ముఖం చూసింది.

"మంచిగ జూసుకో అమ్మను," అంది. పిల్లల కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగి, మణుగూరు బస్సుకు టైమవుతోందని వెళ్ళిపోయింది.

ఆమె ఆ ఏడు నామినేషన్ వేయలేదని తర్వాత తెలిసింది. ఆ ఊళ్ళో ఎన్నిక ఏకగ్రీవమైందని పేపర్లో ఒక మూల చిన్న వార్త వచ్చింది. ఎవరిని కూర్చోబెట్టారో నేను ఎవరినీ అడగలేదు.